పెద్దన్న ముద్ర

ల్యాబులో అందరికీ ఒక చెడ్డ అలవాటు ఉండేది. పనులు తొందరగా తెమిలే అలవాటు కావడంతో ఎవరూ దాన్ని చెడ్డదనుకోలేదు.

రుషికొండ మీద సముద్రం వైపు తిరిగి ఉంటుంది ఆ ల్యాబు. అక్కడ తయారయ్యే వస్తువు నువ్వుగింజంత ఉంటుంది. కాయితాల మీద దానికి బారెడు పేరుంది గానీ అందరూ గింజ అనే అంటారు. మెదడువాపు వచ్చి తగ్గాక ఏదీ గుర్తుండని మనుషులకు చెవి వెనక నుంచి దాన్ని లోపల పెడతారు. అప్పట్నుంచి ఆ మనిషి జ్ఞాపకాలన్నీ, పాతవీ కొత్తవీ, అందులో చిన్న చిన్న ఫైళ్ళుగా ఉంటాయి. ప్రతి ఫైలు మీదా దాని యజమాని ఎవరు, ఎవరు చదవచ్చు, ఎవరు రాయచ్చు అన్నది రాసి ఉంటుంది. యజమాని ఎప్పుడూ ఆ మనిషే. ల్యాబువాళ్ళు గింజ ఆరోగ్యం చూసుకోవాలే తప్ప లోపలి జ్ఞాపకాల జోలికి పోకూడదు.

గింజలోకి కొత్త ప్రోగ్రాం ఎక్కించడానికి ఇంజినీర్ల దగ్గర ఒక టూలు ఉంది. అది మహా మొండి ఘటం. ఏ చిన్న తేడా ఉన్నా "అనుమతి లేదు" అని తెర మీద ఎర్రగా రాసి కూర్చుంటుంది. న్యాయంగా అయితే ఎందుకు లేదో చూడాలి. ఏ ఫోల్డరు ఎవరి పేరున ఉందో వెతికి, దాన్ని సరిచేసి, టూలును మళ్ళీ మొదట్నుంచి నడపాలి. అంత ఓపిక ఎవరికుంది? అన్ని తలుపులూ తీసే అధికారమున్న ఖాతా ఒకటి ఉంది, దాన్ని పెద్దన్న అంటారు. ఆదేశానికి ముందు పెద్దన్న పేరు తగిలిస్తే టూలు నోరు మూసుకుని చెప్పిన పని చేస్తుంది. "ఏం లేదమ్మా, పెద్దన్నను పిలు" అని కొత్తగా చేరిన పిల్లలకు నేర్పించేది వకుళే. ఆ ఇంజినీర్లలో టూలు మీద ఆమెను మించినవాళ్ళు లేరు.

ఆమె భర్త పైడిరాజుకు కూడా గింజ ఉంది. చేపలరేవులో ఐసు ఫ్యాక్టరీ సూపర్వైజరు ఆయన. మెదడువాపు వచ్చి, పోతూ పోతూ బుర్రను ఊడ్చుకుపోయింది. అన్నం తిన్న సంగతి చెయ్యి కడుక్కునేలోపు మరిచిపోయేవాడు. గింజ పెట్టాక మళ్ళీ మనిషయ్యాడు. పనిలోకి వెళ్ళాడు, పాత జోకులు మళ్ళీ వేశాడు, కూతురు తన్మయిని బండి మీద బడికి దింపాడు. వకుళ ఆ గింజకు రోజూ మనసులో దండం పెట్టుకునేది.

చేపల వేట నిషేధం ముగిసి బోట్లన్నీ ఒక్కసారిగా సముద్రం మీదికి పోయే రోజది. పొద్దుట్నుంచీ తల దిమ్ముగా ఉందని పైడిరాజు అంటే వకుళ ఆయన్ని ల్యాబుకు తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. చిన్న అప్‌డేటు ఎక్కిస్తే పోతుంది. సొంతవాళ్ళ గింజను ఇంకో ఇంజినీరు చూడాలన్నది నియమం. ఆ ఇంకొకరు సెలవులో ఉన్నారు.

"బేగి కానీయ్ వకుళా. బోట్లోళ్ళంతా ఐసు కోసం కాసుక్కూకున్నారు. నా పేరెట్టి తిడుతుంటారు."

"తిట్టనివ్వండి. తల కదపకండి ముందు."

"ఏటి, మీ టూలుకి నా బుర్రంటే బయవా? లోపలికి ఎల్లనంటందా?"

నిజంగానే వెళ్ళనంది. అనుమతి లేదు అంటూ ఎర్రక్షరాలు వచ్చాయి. మళ్ళీ కొట్టింది, మళ్ళీ అదే. పైడిరాజు ఫోను మోగుతూనే ఉంది, ఆయన కాళ్ళు నేల మీద నిలవడం లేదు. వకుళ నవ్వి, అలవాటైన వేళ్ళతో పెద్దన్నను పిలిచింది. పని ఇట్టే అయిపోయింది. పైడిరాజు బండెక్కి రేవుకు పోయాడు. తల దిమ్ము నిజంగానే తగ్గిందని దారిలోంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆ వారం పోయాక ఒకరోజు పొద్దున్న తన్మయి జడలు వేయించుకుంటూ, "నాన్నా, నన్ను దింపుతావా, ఆటో ఎక్కనా?" అంది. పైడిరాజు పిల్ల మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"పేరు నోటిదాకా వస్తంది వకుళా," అన్నాడు వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి. "తలుపు కొడితే లోన మనిషున్నట్టు అలికిడి అవతంది. తియ్యట్లేదు."

తర్వాత వారంలో ఆయన భార్య పేరు మరిచిపోయాడు. తల్లి అప్పలనర్సమ్మను "ఏమండీ" అన్నాడు. ఆ ముసలావిడ పీట మీద కూలబడిపోయింది. విచిత్రమేమిటంటే ఏడో క్లాసులో తన పక్కన కూర్చున్న కుర్రాడి ఇంటిపేరు మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. రేవులో ఎప్పుడో మునిగిపోయిన పడవల పేర్లు చెప్పేవాడు. అక్కర్లేనివన్నీ ఉన్నాయి, రోజూ తలుచుకునేవే పోతున్నాయి.

గింజను తెరిచి చూస్తే వకుళకు సంగతి అర్థమైంది. ఒక్క ఫైలు కూడా పోలేదు. మనిషి పగలు తలుచుకున్న జ్ఞాపకాలను గింజ నిద్రలో బయటికి తీసి, సర్ది, మళ్ళీ రాసి పెడుతుంది. ఆ సర్దుబాటుకు వాడే ఫోల్డరును ఆ రోజు అప్‌డేటులో ఆమె తెలియకుండానే పెద్దన్న పేరున తయారు చేయించింది. అందులోంచి బయటికొచ్చిన ప్రతి జ్ఞాపకం మీదా పెద్దన్న ముద్రే పడుతోంది. యజమాని పెద్దన్న. పైడిరాజుకు అనుమతి లేదు. ఆయన కూతుర్ని రోజంతా తలుచుకునేవాడు కాబట్టి కూతురే ముందు పోయింది. ప్రేమ ఉన్నచోటే గండి పడుతోంది. అది తలుచుకుని వకుళ ల్యాబు బాత్రూంలో నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చింది.

ల్యాబుకు పెద్ద అయిన డాక్టర్ షరీఫ్ అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరినీ గట్టిగా అనే మనిషి కాదు ఆయన. "ఆ ఫోల్డరు సంగతేంటి?"

"సరిచేశాను సార్. కానీ ముద్ర పడ్డవి గింజలో మిగతావాటితో అల్లుకుపోయాయి. అవి వేటిని తాకితే వాటికీ పాకుతోంది. ఆగట్లేదు."

"యజమాని పేరు తిరిగి మార్చలేమా?"

"మార్చచ్చు. అది పెద్దన్న వల్ల కాదు, మా ఆయనే ఒప్పుకోవాలి. పొలం రిజిస్ట్రేషన్ లాంటిదే కదా సార్, ఆ మనిషే వచ్చి వేలిముద్ర వెయ్యాలి."

ఆ వేలిముద్ర ఒక జ్ఞాపకం. గింజ పెట్టి జ్ఞాపకాలు తిరిగొచ్చిన రోజున ప్రతి మనిషీ మనసులో ఒక్క జ్ఞాపకాన్ని ఎంచుకుంటాడు. ఎవరికీ చెప్పడు. దాన్ని తలుచుకున్నప్పుడు మెదడులో పుట్టే అలను గింజ గుర్తుపెట్టుకుంటుంది. అది సరిపోతేనే ఒప్పుకున్నట్టు. పైడిరాజు అప్పట్లో మీసం మెలేసి "పెళ్ళానిక్కూడా సెప్పను" అన్నాడు. ఇప్పుడు ఆ జ్ఞాపకం మీద కూడా పెద్దన్న ముద్ర ఉంది. తలుపు లోపల తాళంచెవి పెట్టి తలుపేసినట్టయింది.

ఆయనకు చదివే అనుమతి మాత్రం ఇచ్చి చూసింది వకుళ. కుర్చీలో కూర్చున్న పైడిరాజు మొహం వెలిగింది, "తన్మ..." అన్నాడు, ఆ వెంటనే ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. తలుచుకోవడమంటే చదవడం ఒక్కటే కాదు, తలుచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని కొంచెం మళ్ళీ రాస్తుంది. రాయడానికి అనుమతి లేక గింజ మొరాయించింది. వకుళ ఆ అనుమతి వెనక్కి తీసేసి, ఆయన నోటి పక్క నురగ తుడిచింది.

"ఇంకొక్కటే మిగిలింది సార్. అందరికీ అన్నీ తెరిచెయ్యడం."

"వద్దమ్మా." షరీఫ్ వెంటనే అన్నాడు. "ఆ అనుమతులు మన నుంచి ఆయన్ని కాపాడ్డానికే అనుకుంటున్నారా? లోపల కూడా గోడలుండాలి. చెవి విన్నదాన్ని చెప్పాలి అంతే, అది జరిగిపోయిన జ్ఞాపకాల్లోకి దూరి రాయకూడదు. కల కలగానే ఉండాలి. అన్నీ తెరిస్తే ఏది ఎవరు రాశారో దేవుడు కూడా చెప్పలేడు."

ఆమె తెరవకుండానే ఇంటికి వెళ్ళింది. ఇంకో మూడు నాలుగు రోజులు ఓపిక పట్టింది. చొక్కా గుండీలు పెట్టుకోవడం పోయింది. మెట్లు దిగడం పోయింది. ఒక మధ్యాహ్నం అప్పలనర్సమ్మ కొడుక్కి ముద్ద కలిపి నోట్లో పెట్టింది. పెట్టిన ముద్ద పెట్టినట్టే ఉంది. నమలడం లేదు, మింగడం లేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మింగు బాబూ. మింగరా నాయనా. ఒలే వకులా, ఈడికి మింగడం కూడా తెలీకుండా పోనాదే!" ముసలావిడ కొడుకు నోట్లో వేలు పెట్టి అన్నం బయటికి తీసింది. "ఏటి సేస్తావో సెయ్. నా కొడుకుని నాకియ్యి."

వకుళ ఆటో పిలిచింది. ఆ సాయంత్రమే ల్యాబులో అన్ని ఫైళ్ళకూ అన్ని అనుమతులూ తెరిచేసింది. షరీఫ్ పక్కనే నిలబడ్డాడు. ఆపలేదు, సరేననీ అనలేదు.

పైడిరాజు కళ్ళు తెరిచి మొదట అడిగింది మంచినీళ్ళు. రెండోది, "తన్మయి బడి నుంచి వచ్చిందా?"

ఆ రోజు ఇంట్లో పండగే. నెత్తళ్ళ చేపల పులుసు ఉడుకుతుంటే వీధి చివరిదాకా వాసన. తన్మయి నాన్న ఒళ్ళోంచి దిగనంది. పైడిరాజు నాలుగిళ్ళకు వినబడేలా కబుర్లు చెప్పాడు. వకుళను తొలిసారి చూసిన రోజు సంగతెత్తాడు. కాలేజీ ప్రాజెక్టు కోసం ఐసు ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చి, ఐసు దిమ్మల మధ్య జారి పడబోయి తన మోచెయ్యి పట్టుకుంది. "పసుప్పచ్చ చున్నీ. ఆ సలిపొగలో ఆ రంగొక్కటే అగుపించినాది నాకు."

"పసుపేమిటి, ఆకుపచ్చది," అని నవ్వింది వకుళ వడ్డిస్తూ. "నా చున్నీ నాకు తెలీదా? మా అక్క కొనిపెట్టిన చిలకాకుపచ్చది."

పైడిరాజు ఒక్క క్షణం ఆగాడు. "అవును, ఆకుపచ్చే," అన్నాడు. మళ్ళీ తినసాగాడు.

ముందుగా అనుమానం వచ్చింది అత్తగారికి. పైడిరాజు చంటివాడుగా ఉన్నప్పుడు వాణ్ణి భుజానేసుకుని సింహాచలం కొండ చుట్టూ ఎలా నడిచిందో ఆవిడ మనవరాలికి చెప్పింది. మర్నాడు పైడిరాజు అరికాళ్ళు చూసుకుంటూ, "ఎంత మంటెట్టినాయో! అడివివరం కాడ కూలబడిపోదునేమో అనుకున్నాను. పిల్లోడు భుజమ్మీద ఏడుపు ఆపడు," అన్నాడు.

"పిల్లోడివి నువ్వేనురా," అని నవ్వేసింది అప్పలనర్సమ్మ. నవ్వాక కోడలి వైపు చూసింది. వకుళ నవ్వలేదు.

ఆ తర్వాత టీవీలో భీమిలి దగ్గర పడవ బోల్తా పడిందని వార్త వచ్చింది. తెల్లారేసరికి పైడిరాజు ఆ పడవలో ఉన్నాడు. పక్కనే మునిగిపోతున్నవాడి చెయ్యి జారిపోయిందని గుండెలు బాదుకున్నాడు. ఉప్పునీళ్ళు గొంతులో అడ్డం పడ్డట్టు దగ్గాడు. ఎంత చెప్పినా ఊరుకోడు. పోయినవాడి పేరు టీవీలో చదివిన పేరే. ఆ పేరు పెట్టి ఇప్పటికీ ఏడుస్తూనే ఉంటాడు.

తన్మయి భయంతో తల్లి దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది. "అమ్మా, నాన్న నాకు కుక్కపిల్లని కొంటానని మాటిచ్చాడని ఊరికే అన్నాను. ఇప్పుడు నాన్న అదెప్పుడన్నాడో కూడా చెబుతున్నాడు. వాన పడుతుంటే బస్టాపులో అన్నాడట. నేనెప్పుడూ ఆ బస్టాపుకే వెళ్ళలేదమ్మా."

చెవిన పడ్డదీ, చదివిందీ, కలలో వచ్చిందీ అన్నీ ఆయన సొంతమైపోతున్నాయి. గోడలు లేని జ్ఞాపకానికి వినేవాడే యజమాని. ఇంట్లో టీవీ పక్కింటికి పోయింది. కథల పుస్తకాలు అటక మీదికి పోయాయి. అప్పలనర్సమ్మ, జీవితమంతా గలగలా మాట్లాడిన మనిషి, వంటింట్లో గొణుక్కోవడం నేర్చుకుంది. పక్కవీధిలో చావు కబురు వచ్చినా సైగలతో చెప్పుకున్నారు. కొడుకు తిరిగొచ్చాడు గానీ ఆయనతో మాట్లాడ్డానికి అందరికీ భయం.

వకుళ ఇంకా ఆశ వదులుకోలేదు. తలుపులు తెరిచే ఉన్నాయి కదా, ఎంచుకున్న జ్ఞాపకాన్ని ఇప్పుడు తలుచుకోగలడు కదా. అది సరిపోతే యజమాని పేరు తిరిగి ఆయన పేరున రాసి, తలుపులన్నీ మళ్ళీ వేసెయ్యచ్చు. ఈసారి టూలు మొండికేస్తే ఎంతసేపైనా కూర్చుని కారణం వెతుకుతాను గానీ పెద్దన్నను పిలవను అని ఒట్టు పెట్టుకుని ఆయన్ని ల్యాబుకు తీసుకెళ్ళింది.

"ఆ రోజు మనసులో ఎంచుకున్నారే, అది తలుచుకోండి. మాకు చెప్పక్కర్లేదు."

పైడిరాజు కళ్ళు మూసుకున్నాడు, పెదాల మీద చిన్న నవ్వు. తెర మీద ఎర్రగా వచ్చింది. సరిపోలేదు. ఇంకోసారి. సరిపోలేదు. షరీఫ్ కుర్చీ దగ్గరికి జరిగి, "రాజుగారూ, అదేనా మీరు ఎంచుకుంది? ఖాయమేనా?" అన్నాడు.

"అదే డాక్టరు గారూ. ఇంకేటుంటాది నాకు? ఈవిడే." వకుళ వైపు తల తిప్పాడు. "ఐసు ఫ్యాక్టరీలో, సలిపొగలోంచి వచ్చినాది. ఆకుపచ్చ చున్నీ."

వకుళకు అప్పుడు తట్టింది. చున్నీ నిజంగా ఆకుపచ్చదే. కానీ ఆయన కళ్ళకు, ఫ్యాక్టరీలోని పసుపు దీపాల వెలుగులో, అది పసుప్పచ్చగా కనబడింది. గింజ గుర్తుపెట్టుకున్నది ఆ పసుపునే. ఆమె వడ్డిస్తూ, మురిపెంగా, ఆ పసుపును తుడిచేసింది.

"పసుపు! పసుప్పచ్చ చున్నీ అండీ!" ఆయన భుజాలు పట్టుకుని కుదిపింది. "మీరే కరెక్టు. నేనే తప్పు చెప్పాను. పసుపు!"

"అవును, పసుపే," అన్నాడు పైడిరాజు బుద్ధిగా.

తెర మీద మళ్ళీ ఎరుపే వచ్చింది. చెబితే వచ్చిన పసుపు, చూసిన పసుపు కాలేదు. ఆమె ఎన్నిసార్లు చెప్పిందో, ఆయన ఎన్నిసార్లు అవునన్నాడో. ఆఖరికి షరీఫ్ వచ్చి కంప్యూటరు కట్టేశాడు. "ఇంటికి తీసుకెళ్ళండమ్మా. ఆయన ముందు మంచి మాటలు మాట్లాడండి. అంతకంటే నేను చెప్పగలిగిందేమీ లేదు."

మంచి మాటలు మాట్లాడారు. కానీ పైడిరాజు వెర్రివాడు కాదు. అందరూ తన ముందు మాటలు ఏరుకుంటున్నారని ఆయనకు తెలుస్తూనే ఉంది. రేవు ఉద్యోగం మానిపించారు, ఎందుకో చెప్పలేదు. "నాకేటయిందే వకుళా? ఎవరేటి సేసినారు నన్ను?" అని అడిగేవాడు. ఆమె మాట మార్చేది. మార్చిన ప్రతిసారీ గుండెలో రాయి ఇంకొంచెం బరువెక్కేది. డాబా మీద ఉతికిన బట్టలు ఆరేస్తున్న ఒక సాయంత్రం ఆయన మళ్ళీ అడిగాడు. ఇక ఆమె వల్ల కాలేదు. తడి దుప్పటి అలాగే చేతిలో పట్టుకుని అంతా చెప్పేసింది. టూలు మొండికేసింది. బోట్లు ఐసు కోసం ఆగి ఉన్నాయి. ఒక్క పావుగంట కూర్చుంటే కారణం దొరికేది. కూర్చోలేదు. నవ్వుతూ పెద్దన్నను పిలిచాను. నా నవ్వు నాకు ఇంకా గుర్తుంది. నా చేతుల్తో నేనే మిమ్మల్ని ఇలా చేశాను. చెబుతుంటే వెక్కిళ్ళు వచ్చాయి.

పైడిరాజు ఆ దుప్పటి తీసుకుని తీగ మీద వేశాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "ఏడవకు," అన్నాడు. క్షమించాననలేదు, క్షమించననీ అనలేదు. దాని గురించి ఆలోచిస్తున్నట్టు సముద్రం వైపు చూశాడు. వకుళకు అదే చాలనిపించింది. రేపో ఎల్లుండో ఆ మాట ఆయన నోట వస్తుంది. తిట్టినా సరే, కొట్టినా సరే. ఎన్నాళ్ళకో కడుపునిండా అన్నం తిని పడుకుంది.

తెల్లవారి లేచేసరికి పైడిరాజు ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"వకుళా, నీకో మాట సెప్పాల. ఎలగ సెప్పాలో తెలీక నిన్నంతా దాసుకున్నాను." ఆమె పాదాలు పట్టుకున్నాడు. "నానే సేసినాను. టూలు మొండికేసినాది. అనుమతి లేదంది. బోట్లు ఆగున్నాయని తొందరపడి నానే పెద్దన్నని పిలిసినాను. నవ్వుతా పిలిసినాను వకుళా, నా నవ్వు నాకింకా గుర్తుంది. నా సేతుల్తో నానే ఇంటి మనిషిని పాడు సేసుకున్నాను."

వకుళ లేచి కూర్చుంది. కాదండీ, అది నేను, అనబోయి ఆగిపోయింది. ఆ మాట కూడా ఆయన లోపలికే పోతుంది. అక్కడ ఇంకోసారి, ఇంకొంచెం లోతుగా, ఆయనే ఆ పని చేస్తాడు. ఇంకెన్నిసార్లు చెప్పినా అంతే. ఆయన ఆమె పాదాలు వదలడం లేదు. చంటిపిల్లాడిలా ఎక్కిళ్ళు పెడుతూ, సమాధానం కోసం ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

"పోన్లెండి," అంది వకుళ. "తొందరలో జరిగిపోయింది. కావాలని చేసింది కాదు కదా. నేను క్షమించాను."

"నిజంగానా?"

"నిజంగానే."

పైడిరాజు మొహం తేటపడింది. ఇన్నాళ్ళ బరువు దిగిపోయినట్టు పెద్దగా ఊపిరి వదిలి, పంచె అంచుతో కళ్ళు తుడుచుకుని, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాడు. వకుళ మంచం మీద అలాగే కూర్చుంది. ఆమెను క్షమించడానికి ఇక ఎవరూ మిగల్లేదు.